ట్రెక్కింగ్‌కి తేలికైన దిండు: గాలిదా, ఫోమ్‌దా, బట్టల మూటా?

పొడుగుదారి:

మొన్ననే నాలుగు రోజుల ట్రెక్ ముగించుకుని వచ్చాను. కాళ్లకి ఏమీ కాలేదు, నడుముకీ ఏమీ కాలేదు, మెడ మాత్రం పట్టేసింది. మూడో రోజు పొద్దున లేచేసరికి తల ఎడమవైపుకి తిరగలేదు. వెనక వస్తున్నవాళ్లు పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడాల్సి వచ్చింది, దిగుడు దారిలో అడుగు ఎక్కడ వేస్తున్నానో వంగి చూసుకోవడం కూడా కష్టమైంది.

ఇన్నాళ్లూ నేను దిండు మోసింది లేదు. స్లీపింగ్ బ్యాగ్‌తో వచ్చే సంచిలో ఫ్లీస్ జాకెట్ కుక్కి తల కింద పెట్టుకునేవాణ్ని, సరిపోయేది. ఈసారి రెండో రాత్రి చలి బాగా ముదిరింది, ఫ్లీస్ వేసుకున్నాను, దాని మీద ఈకలు నింపిన డౌన్ జాకెట్ వేసుకున్నాను, ఇక సంచిలో పెట్టడానికి మిగిలింది వాన ప్యాంటు, ఒక జత సాక్సులు. అది అరచేతి మందం కూడా లేదు. చెయ్యి మడిచి తల కింద పెట్టుకోవడం, తిమ్మిరెక్కితే తియ్యడం, కాసేపాగి మళ్లీ పెట్టుకోవడం, తెల్లవార్లూ ఇదే పని.

దిండు కొనాలని గట్టిగా అనుకున్నాను కానీ చూస్తున్నకొద్దీ అయోమయం పెరుగుతోంది. 60 నుంచి 100 గ్రాముల్లో గాలి ఊదుకునేవి ఉన్నాయి, మడిస్తే పిడికిట్లో పట్టేస్తాయి. 200 గ్రాములు దాటిన ఫోమ్‌వి ఉన్నాయి, చూస్తేనే హాయిగా అనిపిస్తాయి కానీ బ్యాగులో చాలా చోటు తింటాయి. నేను ఎక్కువగా ఒత్తిగిలి పడుకుంటాను, రాత్రిలో నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరుగుతాను. కింద పరుచుకునే ప్యాడ్ గాలిది, 6 సెంటీమీటర్ల మందం. స్లీపింగ్ బ్యాగ్ తల దగ్గర టోపీలా మూసుకునే రకం. తిండి, నీళ్లు కాకుండా నా బ్యాగు 8 కిలోలు, కాబట్టి వంద గ్రాములైనా ఆలోచించే మోస్తాను, కానీ నిద్ర పడుతుందంటే మోయడానికి సిద్ధమే. వాడినవాళ్లు చెప్పండి, ఏది తీసుకోను?

రాళ్లబాట:

ముందు బరువు సంగతి పక్కన పెట్టి ఎత్తు చూడండి. ఒత్తిగిలి పడుకునేవాళ్లకి దిండు చెయ్యాల్సిన పని ఒక్కటే, భుజం చివర నుంచి చెవి దాకా ఉన్న ఖాళీని నింపడం. అది తక్కువైతే తల కిందకి వాలుతుంది, ఎక్కువైతే పైకి లేస్తుంది, ఎటైనా మెడ కండరం రాత్రంతా లాగిపెట్టే ఉంటుంది. మీకు పట్టేసింది అందుకే.

కొనకముందే ఇంట్లో ఇలా కొలుచుకోండి. మీ ప్యాడ్‌ని ట్రెక్‌లో ఎంత గాలి పెడతారో అంతే పెట్టి నేల మీద పరవండి (మంచం మీద కాదు, మంచం మీద చేస్తే లెక్క తప్పుతుంది). ఒత్తిగిలి పడుకుని తల కింద మడతపెట్టిన తువ్వాళ్లు ఒక్కొక్కటే పెంచుకుంటూ పోండి. ఇంట్లో ఎవరినైనా వెనక నుంచి ఫోటో తియ్యమనండి. మెడ, వెన్ను ఒకే గీతలో ఉన్నట్టు కనిపించినప్పుడు ఆపి, ఆ తువ్వాళ్ల దొంతరని తల బరువంత చేత్తో నొక్కిపెట్టి స్కేలుతో కొలవండి. నాకు 11 సెంటీమీటర్లు వచ్చింది. అదే నా పాత పల్చటి ఫోమ్ ప్యాడ్ మీద కొలిస్తే 13 వచ్చింది, ఎందుకంటే గట్టి ప్యాడ్ మీద భుజం లోపలికి దిగదు. అంటే ప్యాడ్ మారిస్తే దిండు లెక్క కూడా మారుతుంది, ఈ సంగతి నాకు రెండు దిండ్లు కొన్నాక గాని అర్థం కాలేదు.

ఇంకోటి, మీ ప్యాడ్ తల దాకా వస్తుందా, భుజాల నుంచి నడుము దాకానే ఉండే పొట్టి రకమా? పొట్టిదైతే దిండు నేల మీద ఉంటుంది, అప్పుడు ప్యాడ్ మందం కూడా దిండు ఎత్తులోనే కలుపుకోవాలి.

కంపెనీలు రాసే ఎత్తు నిండా గాలి కొట్టి, తల పెట్టకుండా కొలిచింది. తల పెట్టాక తగ్గుతుంది. మీకు 11 కావాలంటే 11 అని రాసినది కొనకండి, అంతకంటే ఎత్తున్నది కొని గాలి తగ్గించుకోండి. గాలి తగ్గించడం మన చేతిలో ఉంది, లేని ఎత్తు ఎక్కడి నుంచి తెస్తాం.

వెల్లకిలా పడుకునేవాళ్లకి ఇంత ఎత్తు అక్కర్లేదు, బోర్లా పడుకునేవాళ్లకి దాదాపు ఏమీ అక్కర్లేదు.

చలిగాలి:

మీ సమస్యకి జవాబు మీ ప్రశ్నలోనే ఉందండీ. బట్టల మూట దిండు మామూలు రాత్రుల్లో బాగానే ఉంటుంది, సరిగ్గా చలి ముదిరిన రాత్రే చేతులెత్తేస్తుంది, ఎందుకంటే అప్పుడు బట్టలన్నీ ఒంటి మీద ఉంటాయి. నేను గాలి దిండుకి మారింది ఆ ఒక్క కారణంతోనే. నాది సీ టు సమ్మిట్ కంపెనీ ఏరోస్ అల్ట్రాలైట్, చిన్న సైజు, దాదాపు 60 గ్రాములు. పైన మెత్తటి గుడ్డ ఉండే ప్రీమియం రకం ఇంకో 20 గ్రాములు ఎక్కువ. చెంపకి చల్లగా, జిగటగా తగలడం మీకు పడకపోతే ఆ 20 గ్రాములూ మోయండి, లేదా మెడకి చుట్టుకునే బఫ్‌ని దిండుకి తొడిగెయ్యండి, అదే పని చేస్తుంది.

గాలి దిండు బాగాలేదని చెప్పేవాళ్లలో చాలామంది దాన్ని బంతిలా బిగుతుగా ఊది పడుకుంటారు. తల అటో ఇటో దొర్లిపోతుంది, చెవి నొక్కుకుపోయి నొప్పి పుడుతుంది. ఇలా చెయ్యండి: ముందు నిండా ఊదండి, తల పెట్టి ఒత్తిగిలండి, తర్వాత వాల్వ్ మీద వేలితో నొక్కుతూ కొంచెం కొంచెం గాలి వదలండి. తల నెమ్మదిగా దిగుతూ ఒకచోట కుదురుకుంటుంది, చెవి చుట్టూ దిండు కప్పుకున్నట్టు ఉంటుంది. అక్కడ ఆపెయ్యండి. మొదటి రెండు రాత్రులు ఆ చోటు వెతుక్కోవాల్సి వస్తుంది, మూడో రాత్రికి వేలికే తెలిసిపోతుంది.

రాత్రి మధ్యలో దిండు మెత్తబడితే చిల్లు పడిందని టెన్షన్ పడొద్దు. 20 డిగ్రీల గాలి 5 డిగ్రీలకి చల్లబడితే దాని పరిమాణం 5 శాతం తగ్గుతుంది. మనం ఊదే ఊపిరి అంతకంటే వేడిగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. నేను చీకటి పడగానే ఊది పెట్టేసి, పడుకునే ముందు ఇంకో ఊపిరి కలుపుతాను. నిజంగా చిల్లు ఉందో లేదో ఇంటికొచ్చాక చూసుకోవచ్చు, సబ్బు నీళ్లు రాసి నొక్కితే బుడగలు వచ్చినచోట చిల్లు ఉన్నట్టే. అక్కడ ఆరబెట్టి ప్యాచ్ వెయ్యాలి. అతుకు దగ్గర కారుతుంటే మాత్రం ప్యాచ్ నిలవడం కష్టం. ట్రెక్‌లో ప్యాడ్ కోసం ప్యాచ్ ఎలాగూ ఉంటుంది కదా, అదే దీనికీ పనికొస్తుంది.

మూటాముల్లె:

నేను పదేళ్లుగా బట్టల మూట మీదే పడుకుంటున్నాను, నేనూ ఒత్తిగిలే పడుకుంటాను. మీరు చెప్పిన దాంట్లో తప్పు మూటది కాదనుకుంటా, కుక్కడంలో ఉంది. జాకెట్‌ని సంచిలో ఉండలా కుక్కితే మధ్యలో గడ్డకట్టి, తల పెట్టగానే పక్కకి జారుతుంది. బట్టల్ని వెడల్పుగా మడతపెట్టి, పుస్తకాలు దొంతర పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి సంచిలోకి దింపాలి. గట్టివి కింద, మెత్తవి పైన. సంచి కూడా గుండ్రంగా కాకుండా బల్లపరుపుగా ఉండాలి.

చలి రాత్రి సంగతి చలిగాలి గారు చెప్పింది నిజమే, కాదనను. దానికి నేను చేసేది ఒకటి ఉంది: ఖాళీ అయిన బ్యాక్‌ప్యాక్‌ని మడిచి ప్యాడ్ కిందకి, తల వైపు తోసేస్తాను. ప్యాడ్ తల దగ్గర లేస్తుంది, దాని మీద మిగిలిన రెండు గుడ్డలు చాలు. ప్యాడ్ కింద ఉంటుంది కాబట్టి జారడం అనే మాటే లేదు. ఒక్క గ్రాము బరువు పెరగలేదు. బకిల్స్, బ్యాగుని నిలబెట్టే లోహపు పుల్లలు ఉన్న వైపు మాత్రం నేలకేసి పెట్టండి, లేకపోతే ప్యాడ్‌కి గుచ్చుకుంటాయి.

తడి బట్టలు మాత్రం ఎప్పుడూ పెట్టకండి, ఎంత బిగుతు సంచి అయినా సరే. నీళ్ల బ్లాడర్ (తాగే నీళ్లు నింపుకునే మెత్తటి సంచి) దిండుగా వాడేవాళ్లనీ చూశాను, అర్ధరాత్రి మూత ఊడితే స్లీపింగ్ బ్యాగ్ తడుస్తుంది, చలిలో అది మెడ నొప్పి కంటే చాలా పెద్ద ప్రమాదం.

తలగడ_మనిషి:

నాకు ట్రెక్కింగ్‌తో సంబంధం లేకుండానే మెడ సమస్య ఉంది, కాబట్టి నా లెక్క వేరు. గాలి దిండు వాడి చూశాను, ఎంత సర్దినా తల నీళ్లలో తేలుతున్నట్టు ఉండేది, కండరం వదులు కాలేదు. ఇప్పుడు వాడేది కింద గాలి, పైన పల్చగా ఫోమ్ ఉన్న రకం, 250 గ్రాముల పైనే ఉంటుంది. ఎత్తుకి గాలి, కుదురుకి ఫోమ్. ఆ బరువుకి బదులుగా రెండో జత చెప్పులు మానేశాను.

పూర్తి ఫోమ్ దిండ్లు కూడా మంచివే, థర్మరెస్ట్ కంపెనీ వాళ్లు మ్యాట్రెస్‌లు తయారుచెయ్యగా మిగిలిన ఫోమ్ ముక్కలతో ఒకటి చేస్తారు, ఇంట్లో దిండుకి దగ్గరగా ఉండేది అదే. కానీ అది సంచిలోంచి తీసిన వెంటనే ఉబ్బదు, గుడారం వెయ్యగానే బయట పడేసి కాసేపు వదలాలి. తడిస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది. వానల్లో నడిచేవాళ్లకి నేను చెప్పను.

ఇంకో మాట కూడా చెప్పాలి. చెయ్యి కింద పెట్టుకుంటే తిమ్మిరి ఎక్కడం మామూలే. కానీ ఇంటికొచ్చాక కూడా వేళ్లలో తిమ్మిరి ఉంటే, నొప్పి చేతిలోకి పాకుతుంటే దిండు వెతకడం ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. నేను అది ఆలస్యం చేశాను.

పొడుగుదారి:

ఇన్ని వివరాలు చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్. తిమ్మిరి లేదండీ, మెడ కూడా నాలుగో రోజుకి వదిలేసింది. రాళ్లబాట గారూ, మీరు చెప్పినట్టే కొలిచాను, 10 సెంటీమీటర్లు వచ్చింది. ఫోటో చూస్తే గాని నేను మామూలుగా తల ఎంత కిందకి వాల్చి పడుకుంటున్నానో తెలియలేదు. 12 సెంటీమీటర్లు అని రాసి ఉన్న గాలి దిండు ఒకటి తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్నాను, వాడి చూసి కొంటాను.

ఒక సందేహం. దిండుని స్లీపింగ్ బ్యాగ్ టోపీ లోపల పెట్టాలా, బయటా? లోపల పెడితే టోపీ బిగుసుకుంటోంది, బయట పెడితే సర్రున జారిపోతోంది. నిన్న రాత్రి నేల మీద పడుకుని చూస్తే రెండుసార్లు లేచి చీకట్లో తడుముకుని వెతుక్కున్నాను.

చలిగాలి:

పక్కకి తిరిగేటప్పుడు మీరు స్లీపింగ్ బ్యాగ్‌తో సహా తిరుగుతారా, బ్యాగ్ లోపల మీరొక్కరే తిరుగుతారా? అది చూసుకోండి. బ్యాగ్‌తో సహా తిరిగేవాళ్లకి దిండు బయటే ఉండాలి, లోపల ఉంటే మీతో పాటు అదీ తిరిగి మొహం మీదకి వస్తుంది. లోపల తిరిగేవాళ్లకి టోపీలో పెడితే హాయి, టోపీయే దాన్ని పట్టుకుంటుంది.

బయట పెడితే కట్టాల్సిందే. కొన్ని దిండ్లకి వెనక చిన్న రింగులు ఉంటాయి, వాటికి సన్నటి ఎలాస్టిక్ తాడు కట్టి ప్యాడ్ కింద నుంచి చుట్టెయ్యండి. రింగులు లేకపోతే ఒక టీషర్టుని ప్యాడ్ తల వైపుకి తొడిగి దిండుని దాని లోపలికి తొయ్యండి. దిండు కదలదు, చెంపకి గుడ్డా తగులుతుంది.

పొడుగుదారి:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. నేల మీద రెండు రాత్రులు, తర్వాత బయట ఒక రాత్రి. నేను బ్యాగ్‌తో సహా తిరిగే రకమని తెలిసింది, కాబట్టి దిండు బయట, టీషర్టు లోపల. మొదటి రాత్రి గాలి ఎక్కువ ఉంచాను, చెవి నొప్పి పుట్టి లేచాను. రెండో రాత్రి ఒత్తిగిలాకే వాల్వ్ నొక్కుతూ వదిలాను, ఎక్కడ ఆగాలో తెలిసింది. బయట పడుకున్న రోజు మూటాముల్లె గారి చిట్కా కూడా కలిపాను, ప్యాడ్ కింద మడిచిన బ్యాక్‌ప్యాక్ పెట్టి చూశాను, కానీ దిండుతో కలిపితే నాకు ఎత్తు ఎక్కువైంది, తీసేశాను. దిండు ఎప్పుడైనా చిరిగితే మాత్రం అదే దిక్కు, గుర్తుపెట్టుకున్నాను. తెల్లవారుజామున ఒక్కసారి మెలకువ వచ్చింది, దిండు ఉన్నచోటే ఉంది, అటు తిరిగి మళ్లీ పడుకున్నాను. పొద్దున తల రెండు వైపులా తిరిగింది.

తీసుకున్నది తిరిగి ఇచ్చేసి, అలాంటిదే కొంటున్నాను. ఇచ్చేముందు చూస్తే లోపల చెమ్మ కనిపిస్తోంది, వాల్వ్ దగ్గర చిన్న నీటి బొట్లు. పాడైనట్టా?

చలిగాలి:

పాడవలేదు, అది మీ ఊపిరిలోని తేమ. దిండు మామూలు ఆకారం వచ్చేదాకా ఉబ్బించి, వాల్వ్ తెరిచి కిందకి ఉండేలా నీడలో వేలాడదీయండి, ఒక రోజు వదిలెయ్యండి. ఎండలో వద్దు, వేడికి అతుకులు వదులవుతాయి. చెమ్మతో మడిచి పెడితే లోపల బూజు పడుతుంది, పట్టాక వాసన పోదు. మీ ప్యాడ్‌తో గాలి నింపే సంచి వచ్చి ఉంటే దాని మూతి ఈ వాల్వ్‌కి పడుతుందేమో చూడండి, పడితే ఊపిరి ఊదే పనే ఉండదు.