గ్రూప్ రైడ్‌లో చేరాలంటే బెరుకు: నా వల్ల ఎవరైనా పడతారేమోనని

ప్రశ్న

ఒంటరిగా రోడ్ బైక్ తొక్కడం అలవాటే. చదును రోడ్డు మీద 50 కిలోమీటర్లు, గంటకు 24 సగటుతో, పెద్దగా అలసిపోకుండా వెళ్లగలను. 28 మి.మీ. టైర్లు, డిస్క్ బ్రేకులు, షూ తగిలించుకునే క్లిప్ పెడల్స్. పది పన్నెండు మంది కలిసి వెళ్లే గ్రూప్ రైడ్‌లో చేరాలని ఉంది. దాని వివరాల్లో ‘సగటు 26–28, 60 కి.మీ.’ అని ఉంది.

అసలు భయం ఒక్కటే: ముందువాళ్ల వెనక చక్రానికి అంత దగ్గరగా తొక్కుతుంటే, వాళ్లు ఉన్నట్టుండి బ్రేక్ వేస్తే ఏమవుతుంది? నేను పడటం ఒక ఎత్తు, నా వెనక నలుగురిని పడేయడం ఇంకో ఎత్తు. వెనకబడితే అందరూ నాకోసం ఆగాల్సి వస్తుందన్న మొహమాటం కూడా ఉంది. ‘ఏం కాదు, వచ్చేయండి’ అని కాకుండా, ముందుగా ఏం సాధన చేయాలో, ఏ క్రమంలో చేయాలో చెప్పగలరా?

జవాబు 1

మీ భయం సరైన చోటే ఉందండీ, దాన్ని కొట్టిపారేయకూడదు. గంటకు 30 కి.మీ. అంటే సెకనుకు 8 మీటర్లకు పైనే. ముందువాళ్ల వెనక చక్రానికీ మీ చక్రానికీ మధ్య అర మీటరు ఖాళీ ఉంటే, దాన్ని దాటడానికి సెకనులో పదహారో వంతు చాలు. అంతలో బ్రేక్ మీదకు వేలు కూడా వెళ్లదు. అయినా గుంపులు రోజూ అలాగే తొక్కుతున్నాయంటే దానికి రెండు కారణాలు. గుంపులో ఎవరూ ఒక్కసారిగా బ్రేక్ నొక్కరు, కాబట్టి పక్కపక్క ఇద్దరి వేగాల మధ్య తేడా ఎప్పుడూ చాలా తక్కువ. రెండోది, ఎవరూ ముందువాళ్ల చక్రాన్నే చూస్తూ తొక్కరు. ముందు మనిషి భుజం మీదుగా ఇంకో ముగ్గురు నలుగురి అవతల రోడ్డును చూస్తారు. అక్కడ తలలు లేచాయా, పెడళ్లు ఆగాయా అన్నది కనిపిస్తే మీ దాకా ఆ మార్పు రావడానికి ఒకటి రెండు సెకన్లు దొరుకుతాయి. చక్రాన్నే చూస్తూ ఉంటే ఆ సెకన్లు పోతాయి. బెరుకున్నవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే: భయం కొద్దీ చూపు చక్రానికి అతుక్కుపోతుంది.

పైగా అర మీటరు దూరం మొదటి రోజే అవసరం లేదు. ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు, అంటే దాదాపు ఒక సైకిల్ పొడవు, వదిలి మొదలుపెట్టండి. ముందు మనిషి చాటున గాలి తగ్గడం వల్ల వచ్చే లాభంలో మంచి భాగం ఒక మీటరు దూరంలో కూడా దక్కుతుంది. ఆ ఖాళీని చూసి ఎవరైనా విసుక్కుంటే అది మీకు తగిన గుంపు కాదు.

ఒక్క నియమం మాత్రం ప్రాణం లాంటిది. మీ ముందు చక్రం, ముందువాళ్ల వెనక చక్రం పక్కపక్కకు రాకూడదు. ఒకదాని వెనక ఒకటి ఉండాలి, లేదా కొద్దిగా పక్కకు జరిగినా మీ చక్రం వాళ్ల చక్రానికి వెనకే ఉండాలి. సైకిల్ నిలబడేది ముందు చక్రాన్ని మనకు తెలియకుండానే అటూ ఇటూ సన్నగా తిప్పుకోవడం వల్ల. పక్కనుంచి ఇంకో టైరు ఆనితే ఆ తిప్పే వీలు పోతుంది, వెనకున్న మనిషే పడతాడు. ముందు మనిషికి మహా అయితే ఒక కుదుపు. కాబట్టి మీ వల్ల ముందువాళ్లు పడే ప్రమాదం మీరు అనుకున్నంత లేదు. మీకూ మీ వెనకవాళ్లకూ ఉన్న ప్రమాదం మాత్రం ఈ ఒక్క నియమంతో చాలావరకు పోతుంది.

ముందువాళ్లు పెడల్ మీద లేచి నిలబడేటప్పుడు కూడా జాగ్రత్త. లేచే క్షణంలో తొక్కుడు ఆగి, వాళ్ల సైకిల్ ఒక జానెడు వెనక్కి వచ్చినట్టవుతుంది. ఎత్తు రోడ్డు మొదలయ్యే చోట దూరం కొంచెం పెంచుకోండి. మీరు లేవాల్సి వస్తే ముందు ఒక గేరు బరువు పెంచి, ఒక కాలు పెడల్ పైకొచ్చిన సమయంలో ఒత్తిడి వదలకుండా లేవండి.

జవాబు 2

సాధన క్రమం అడిగారు కాబట్టి అదే చెబుతాను. ముందు ఒంటరిగా, తర్వాత ఒక్కరితో, ఆ తర్వాతే గుంపు. ఈ మెట్లు దాటేస్తే గుంపులో ఒకేసారి అన్నీ మీద పడతాయి.

వాహనాలు లేని రోడ్డు మీద అంచున తెల్ల గీత ఉంటుంది కదా, 200 మీటర్లు దానిమీదే తొక్కండి. తర్వాత అదే గీత మీద ఒక చేయి తీసి. తర్వాత నీళ్ల సీసా తీసి, తాగి, చూడకుండా తిరిగి పెడుతూ. తర్వాత తల తిప్పి వెనక ఏముందో చూస్తూ. ఈ చివరిది చాలామందికి కష్టం. తల తిప్పిన వైపే భుజం లాగి సైకిల్ ఆ పక్కకు వెళ్తుంది. కుడివైపు చూడాలంటే ఎడమ చేతిని హ్యాండిల్ మధ్యకు, స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్క) దగ్గరకు తెచ్చి, గడ్డాన్ని భుజానికి ఆనించినట్టు తిప్పండి. అడుగు వెడల్పు దాటి పక్కకు పోకుండా చూడగలిగిన రోజు మీరు గుంపుకు సిద్ధమైనట్టే. గుంపులో మిగతావాళ్లను భయపెట్టేది నెమ్మదిగా తొక్కే మనిషి కాదు, గీత తప్పే మనిషి.

బ్రేకులు: 25 వేగంతో వచ్చి, ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టి ఎంత దూరంలో ఆగుతున్నారో చూసుకోండి. నడుమును వెనక్కి జరిపి, చేతులు హుడ్స్ (బ్రేక్ లివర్ల పైన పట్టుకునే రబ్బరు భాగం) మీద ఉంచి, రెండు బ్రేకులూ కలిపి క్రమంగా. ఇది ఆపద కోసం. గుంపులో మామూలుగా వేగం తగ్గించుకోవడానికి బ్రేక్ చివరి ఉపాయం. మొదట తొక్కుడులో బలం తగ్గించండి, కాళ్లు మాత్రం తిరుగుతూనే ఉండాలి. చాలకపోతే ఛాతీ పైకెత్తి గాలికి ఎదురివ్వండి, లేదా ముందు మనిషి చాటు నుంచి అర అడుగు పక్కకు జరిగి గాలి తగలనివ్వండి. అప్పటికీ చాలకపోతే తొక్కుతూనే రెండు బ్రేకులనూ వేలి కొనతో తాకీ తాకనట్టు నొక్కండి.

తర్వాత నమ్మకమైన ఒకరిని వెంటబెట్టుకుని, 20–22 వేగంలో రెండు మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి, ఒక మీటరుకు, వీలైతే ఇంకా తక్కువకు రండి. పదేసి నిమిషాలకు స్థానాలు మార్చుకోండి. ముందు ఉన్నప్పుడు స్పీడోమీటరు మీద వేగం గంటకు ఒక కి.మీ. కన్నా ఎక్కువ తేడా రాకుండా తొక్కడం కూడా సాధనే. తర్వాత హ్యాండిళ్ల మధ్య జానెడు దూరంతో పక్కపక్కన.

మెత్తటి గడ్డి మైదానం దొరికితే నడక వేగంలో భుజానికి భుజం, మోచేతికి మోచేయి ఆనించి తొక్కి చూడండి. ఆ తర్వాత మీ ముందు చక్రాన్ని వాళ్ల వెనక చక్రానికి పక్కనుంచి తాకించండి. తాకగానే దూరంగా లాగాలనిపిస్తుంది, అలా లాగితేనే పడతారు. తాకిన వైపే కొద్దిగా ఒరిగి, తొక్కుడు ఆపకుండా ఉంటే విడిపోతుంది. ఇది మాటల్లో చదివితే రాదు, గడ్డి మీద ఒంటికి నేర్పాలి. రోడ్డు మీద ఎప్పుడూ ప్రయత్నించకండి.

ఇక ఒళ్లు బిగుసుకోవడం. భయంతో పట్టు బిగిస్తే మోచేతులు కర్రల్లా నిలిచిపోతాయి, రోడ్డులోని ప్రతి గతుకూ నేరుగా చక్రాన్ని తిప్పుతుంది, సైకిల్ వణుకుతుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. రైడ్‌లో ఐదారు నిమిషాలకోసారి హుడ్స్ మీద వేళ్లు పియానో వాయించినట్టు ఆడించి చూసుకోండి. ఆడకపోతే భుజాలు దించి, మోచేతులు వంచి, ఊపిరి నిండుగా వదలండి.

జవాబు 3

సాధన సంగతి బాగా చెప్పారు. నేను రైడ్ ఎంపిక గురించి, గుంపులో ఎక్కడ ఉండాలన్న దాని గురించి చెబుతాను.

24 ఒంటరి సగటు ఉన్నవారు 26–28 గుంపులో చదును రోడ్డు మీద నిలబడగలరు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం మూడో ఘాతం (ఘనం) లెక్కన పెరుగుతుంది: 25 నుంచి 30కి వెళ్తే వేగం ఐదో వంతే పెరిగినా గాలి కోసం పెట్టే శక్తి సుమారు 70 శాతం ఎక్కువ. చాటున ఉంటే ఆ భారంలో పెద్ద భాగం తగ్గుతుంది. కానీ ఎత్తు రోడ్ల మీద వేగం 12–15కి పడిపోయాక చాటు వల్ల లాభం దాదాపు ఉండదు, అక్కడ మీ బలం, మీ బరువే లెక్క. అందుకే సగటు ఒక్కటే చూడకండి, దారిలో ఎక్కాల్సిన మొత్తం ఎత్తు ఎన్ని మీటర్లో అడగండి.

రైడ్ లీడర్‌కి ముందురోజే రాసి ఇవి కనుక్కోండి: వెనకబడ్డవారి కోసం ఆగుతారా, ఎక్కడెక్కడ ఆగి అందరూ కలుస్తారు, చివర స్వీప్‌గా ఎవరైనా ఉంటారా, చెప్పిన సగటు ఆగిన సమయం కలిపా తీసేసా. ‘ఎవరినీ వదిలేయం’ అన్న రైడ్‌లో స్వీప్ పని వెనకబడ్డవారితో ఉండటమే, కాబట్టి మీరు మొహమాటపడాల్సింది ఏమీ లేదు. వదిలేసి వెళ్లే రైడ్ అయితే అది మొదటిసారికి వద్దు. ఏ రైడ్ అయినా దారి ఫైలు మీ ఫోన్లో ఉంటే, విడిపోయినా ఇంటికి రాగలననే ధీమా ఉంటుంది. ఆ ధీమా సగం భయాన్ని తీసేస్తుంది. వెనకబడేలా ఉంటే ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా దాచుకోకండి. ‘వేగం కొంచెం తగ్గించండి’ అని ముందువాళ్లకు అరవండి, గుంపు అలవాటున్నవాళ్లు దాన్ని తప్పుగా తీసుకోరు.

ఎక్కడ ఉండాలి? కొత్తవాళ్లను అందరికన్నా వెనక ఉండమంటుంటారు. దీంతో నేను ఏకీభవించను. మలుపు దగ్గర ముందువాళ్లు కొంచెం తగ్గితే, ఆ తగ్గుదల ఒక్కో మనిషి దాటే కొద్దీ పెద్దదవుతూ చివరివారి దగ్గర గట్టి బ్రేక్ అవుతుంది. మలుపు దాటాక వాళ్లు పరుగు పెట్టి అందుకోవాలి. పన్నెండు మందిలో చివరి మనిషి ఆ రోజు పది ఇరవైసార్లు ఇలా ఎగిరిపడాలి. మీరు మధ్యకు కొద్దిగా వెనక, నిలకడగా తొక్కే అనుభవజ్ఞుల వెనక ఉండండి. ఎవరి వెనక ఉండాలో మొదటి పది నిమిషాల్లో తెలిసిపోతుంది: భుజాలు కదలవు, బ్రేక్ వేళ్లు ఊరికే ఉంటాయి, గీత తప్పరు.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండీ. ఇంకో రెండు సందేహాలు. క్లిప్ పెడల్స్‌తో ఆగేటప్పుడు కాలు రాక గుంపు మధ్యలో పడతానేమో. వరుసలో అందరికన్నా ముందు తొక్కే వంతు వస్తే తీసుకుని తీరాలా? సంజ్ఞలు ఏవి తప్పనిసరి?

జవాబు 4

క్లిప్ పెడల్స్ మీద ఇంకా నమ్మకం కుదరకపోతే మొదటి రైడ్‌కి మామూలు పెడళ్లు వేసుకోండి. ఎవరూ పట్టించుకోరు. క్లిప్‌లే వాడితే పట్టును సడలించే చిన్న అలెన్ స్క్రూ చాలా రకాల్లో రెండు పెడళ్ల మీదా ఉంటుంది. మైనస్ వైపు తిప్పి, రెండింటికీ ఒకే సడలింపు ఇవ్వండి. మడమను బయటికి తిప్పితేనే వస్తుంది, పైకి లాగితే రాదు. ఆగాల్సిన చోటుకు 20–30 మీటర్ల ముందే ఒక కాలు విప్పి పెడల్ మీద ఊరికే ఆనించి ఉంచండి. ఎప్పుడూ అదే కాలు.

ముందు వంతు: మొదటి రైడ్‌లో తప్పనిసరి కాదు. మీ ముందు ఖాళీ వచ్చినప్పుడు చేయి ఊపి వెనకవారిని వెళ్లమనండి. వంతు తీసుకుంటే అరనిమిషం చాలు. అక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే, ముందుకు రాగానే ఉత్సాహంతో వేగం పెంచేయడం. ముందు మనిషి పక్కకు జరిగే ముందు మీటర్లో ఎంతుందో చూసి, అంతే ఉంచండి. గాలి ఎదురయ్యాక అదే వేగానికి ఎక్కువ బలం పడుతుంది, అది సహజం. పక్కకు తప్పుకునేటప్పుడు భుజం మీదుగా చూసి, లీడర్ చెప్పిన వైపుకు మెల్లగా జరిగి, పక్కకు వచ్చాకే ఒకటి రెండు కిలోమీటర్ల వేగం తగ్గించండి. ఇంకా వరుసలో ఉండగానే తగ్గిస్తే వెనకవాళ్లు మీ మీదకు వస్తారు. చివరి మనిషి మీ పక్కకు రాకముందే మళ్లీ వేగం అందుకుంటే సులువుగా వరుసలో చేరతారు, ఆలస్యమైతే వెంటపడాలి.

సంజ్ఞలు గుంపుకో రకం, బయలుదేరే ముందు అడగండి. సాధారణంగా గుంత ఉన్న వైపు వేలితో చూపడం, పక్కన ఆగి ఉన్న బండి ఉంటే నడుము వెనక చేయి ఊపడం, వేగం తగ్గుతోందంటే అరచేయి వెనక్కి చూపడం ఉంటాయి. చేయి తీయడం కష్టంగా ఉంటే తీయకండి, గట్టిగా ‘గుంత’, ‘ఆగుతున్నాం’ అని అరిస్తే చాలు. గుంతను చూపించబోయి ఒంటిచేత్తో అదే గుంతలో పడటం కన్నా ఇది నయం. ‘దారి ఖాళీ’ అని ముందువాళ్లు అరిచినా కూడలి దగ్గర మీ కళ్లతో మీరు చూసుకున్నాకే దాటండి. వాళ్లు దాటేటప్పటి ఖాళీ మీరు వచ్చేసరికి ఉండకపోవచ్చు.

జవాబు 5

సైకిల్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా. చక్రాల లివర్లు లేదా యాక్సిల్‌లు బిగుతుగా ఉన్నాయా, హ్యాండిల్ చివర్ల మూతలు ఉన్నాయా చూడండి. మూతలేని గొట్టం పడ్డప్పుడు ఒంట్లోకి దిగుతుంది. 28 టైర్లకు మనిషి 70 కిలోలుంటే 65–75 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టవచ్చు, టైరు మీద, రిమ్ మీద రాసిన గరిష్ఠం మించకూడదు. ముందుకు చాచి ఆనుకునే ఏరో బార్లు ఉంటే తీసేయండి, అక్కడి నుంచి బ్రేకులకు చేయి అందదు. వెనక లైటు వెలుగుతూ ఉండాలి గానీ మిణుకు మిణుకుమనకూడదు, వెనకవాళ్ల కళ్లు చెదురుతాయి. చెవుల్లో ఏమీ వద్దు.

మీ టైరు కొలతకు సరిపోయే ట్యూబ్, రెండు టైర్ లివర్లు, పంపు, 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు మీవే మీ దగ్గర ఉండాలి. 60 కి.మీ.కి రెండు సీసాల నీళ్లు, గంటకు 30–60 గ్రాముల పిండిపదార్థం అందేలా తిండి. తినేది, తాగేది వరుస చివరికి వచ్చినప్పుడు, రోడ్డు తిన్నగా ఉన్నచోట. పొట్లం విప్పడం కష్టమైతే ఇంటిదగ్గరే అంచు చింపి జేబులో పెట్టుకోండి.

బయలుదేరే చోటుకు పావుగంట ముందు వెళ్లి, లీడర్‌తో ‘గుంపులో ఇదే మొదటిసారి, దూరం ఎక్కువ ఉంచి తొక్కుతాను’ అని చెప్పండి. ఎవరి వెనక ఉండాలో వాళ్లే చూపిస్తారు.