గోల్ఫ్ క్లబ్‌లో తొండి చేసే మెంబర్లను మీ దగ్గర ఎలా దారికి తెచ్చారు?

ఏడో_టీ (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. మా క్లబ్‌లో నెలనెలా మెడల్ రౌండ్ (తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లు గెలిచే పోటీ) జరుగుతుంది. ఒక సీనియర్ మెంబర్ తొండి చేస్తారని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఈసారి నేను ఆయన ఫోర్‌బాల్‌లో, అంటే నలుగురి జట్టులో, పడ్డాను. ఒక హోల్‌లో ఆయన టీ షాట్ (మొదటి దెబ్బ) కుడి పక్క చెట్లలోకి పోయింది. కొమ్మకు తగిలిన చప్పుడు నలుగురం విన్నాం. మేం వెళ్లేసరికి బంతి చెట్లకు ఇవతల గడ్డి మీద చక్కగా కూర్చుని ఉంది. కొమ్మకు తగిలి బయటికి వచ్చి ఉండొచ్చు, కాదనను. కానీ టీ మీద నేను చూసిన బంతికి నీలం గీత ఉంది, దీనికి లేదు. అడిగితే "ఇది నాదేనయ్యా" అని ఆడేశారు. ఆయన మార్కర్, అంటే ఆయన స్కోరు రాసి సంతకం పెట్టాల్సినవాడు, నాలుగో మెంబరు. మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

కమిటీలో ఒకరికి చెబితే "పెద్దాయన, పైగా టోర్నమెంట్‌కు స్పాన్సర్, వదిలేయండి" అన్నారు. ఇదంతా మా జూనియర్ పిల్లలు చూస్తున్నారు, నా బాధ అదే. మీ క్లబ్‌లలో ఏం చేశారు, ఏది పనిచేసిందో చెప్పండి.

సముద్రంగాలి (విశాఖపట్నం)
మా దగ్గర జబ్బు గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద. ఒకాయన బంతి ఎత్తేటప్పుడు చోటు గుర్తుకు పెట్టే నాణేన్ని బంతి కిందికి, కాస్త ముందుకి తోస్తారు. తిరిగి పెట్టేటప్పుడు నాణేనికి ముందు పెడతారు. ఒక్కసారికి అంగుళం, రెండంగుళాలు. ఎదురుగా నిలబడితే ఏమీ తెలియదు, పక్కనుంచి చూస్తేనే కనిపిస్తుంది. మూడుసార్లు ఎత్తితే నాలుగడుగుల పుట్ (గుంటలోకి కొట్టే దెబ్బ) మూడున్నర అడుగులు అవుతుంది. రూల్ ప్రకారం అది తప్పు చోటు నుంచి ఆడటం, రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ. కావాలని చేశాడని తేలితే డిస్‌క్వాలిఫై చేసే అధికారం కమిటీకి ఉంది.

దీన్ని చిన్న విషయం అనుకునేవాళ్లకు ఒక మాట. 1985లో బ్రిటిష్ ఓపెన్ క్వాలిఫయింగ్‌లో ఒక స్కాటిష్ ఆటగాడు గ్రీన్ మీద బంతిని ముందుకు జరుపుతూ దొరికిపోయాడు. 20 ఏళ్ల నిషేధం, 20 వేల పౌండ్ల జరిమానా వేశారు.

మా కొత్త కెప్టెన్ ఎవర్నీ పేరు పెట్టి అనలేదు. టోర్నమెంట్లలో జట్లు స్నేహితులు కట్టుకునే పద్ధతి తీసేసి చీటీలు వేశారు. ఎవరి కార్డు ఎవరు మార్క్ చేయాలో కూడా చీటీలోనే వస్తుంది. ఎప్పుడూ ఒకే స్నేహితుడు మార్కర్‌గా ఉంటేనే ఈ ఆటలు సాగేవి. ఆరు నెలలు తిరక్కుండా ఆయన స్కోర్లు మామూలు స్థాయికి వచ్చాయి.

ప్లేనో_వాసి (టెక్సస్)
అన్నా, బంతి జరిపేవాడు కనీసం కంటికి కనిపిస్తాడు. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి స్కోరులోంచి తగ్గించే దెబ్బలు) పెంచుకుని కూర్చునేవాడి సంగతేంటి? ఇక్కడ మన తెలుగువాళ్ల టోర్నమెంట్లలో నాకు పెద్ద చిరాకు అదే. ఏడాదంతా 22 హ్యాండిక్యాప్ చూపిస్తాడు, ప్రైజ్ ఉన్న రోజు 12 వాడిలా ఆడతాడు. మంచి స్కోర్లు యాప్‌లో ఎక్కించడు, చెడ్డవి మాత్రం ఆ సాయంత్రమే ఎక్కిస్తాడు.

2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో దీనికి కొంత మందు ఉంది. చివరి 20 స్కోర్లలో మంచివి 8 తీసుకుంటారు కాబట్టి చెడ్డవి కలిపితే పెద్దగా లాభం లేదు. ఒక్కరోజు తన ఇండెక్స్ (హ్యాండిక్యాప్ అంకె) కంటే 7 స్ట్రోక్‌లు మెరుగ్గా ఆడితే ఇండెక్స్ ఇంకో 1 తగ్గిపోతుంది, 10 లేదా అంతకంటే మెరుగైతే 2 తగ్గుతుంది. ఏడాదిలో తన కనిష్ఠ ఇండెక్స్ మీద 3 దాటాక పెరుగుదల సగమవుతుంది, 5 దగ్గర ఆగిపోతుంది. ఒంటరిగా ఆడిన రౌండ్లు లెక్కలోకి రావు. కానీ అసలు ఎక్కించని స్కోరును ఏ లెక్కా పట్టుకోలేదు. అది తోటి ఆటగాళ్లు చెప్పాల్సిందే.

మా క్లబ్ హ్యాండిక్యాప్ కమిటీ టీ టైమ్ షీట్ తీసి, యాప్‌లో స్కోర్లు పక్కన పెట్టి చూసింది. ఆడిన రోజులకీ ఎక్కించిన స్కోర్లకీ పొంతన లేనివాళ్లకు ముందు ఉత్తరం రాసి సంజాయిషీ అడిగింది. సరైన జవాబు రానిచోట పెనాల్టీ స్కోరు (హ్యాండిక్యాప్ తగ్గేలా కమిటీయే వేసే స్కోరు) వేసింది. ఒకాయన మళ్లీ అదే చేస్తే ఇండెక్స్ కొంతకాలం రద్దు చేసింది. ఇండెక్స్ లేకపోతే నెట్ ప్రైజ్‌కు (హ్యాండిక్యాప్ తీసేశాక మిగిలే స్కోరుకు ఇచ్చే ప్రైజ్) ఆడలేడు. క్లబ్ నుంచి పంపించాల్సిన అవసరమే రాలేదు.

నల్లకోటు (హైదరాబాద్)
వృత్తిరీత్యా లాయర్‌ని, వారాంతాల్లో గోల్ఫ్. ఏడో_టీ గారూ, ముందు ఒక హెచ్చరిక: ఈ విషయం క్లబ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. "ఫలానా ఆయన దొంగ" అని రెండు వందల మందికి పంపితే భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువునష్టం కేసు మీ మెడకే చుట్టుకోవచ్చు. అదే విషయాన్ని సద్బుద్ధితో, చర్య తీసుకునే అధికారం ఉన్న కమిటీకి రాస్తే చట్టంలోనే మినహాయింపు ఉంది. అందుకే తేదీ, హోల్, చూసింది చూసినట్టు, సాక్షులు రాసి సంతకంతో ఇవ్వండి. "తొండి" అనే మాట కూడా వద్దు. "టీ మీద నీలం గీత ఉన్న బంతి, ఆడినది గీత లేని బంతి" అని రాయండి, చాలు.

ఇంగ్లండ్‌లో షేర్‌వుడ్ ఫారెస్ట్ క్లబ్‌లో ఇలాగే ఇద్దరు మెంబర్లు ఒకాయన మీద ఆరోపణ చేస్తే, ఆయన పరువునష్టం దావా వేశాడు. 1994లో జ్యూరీ ఆ ఇద్దరి వైపే తీర్పు ఇచ్చింది. వాళ్లు గెలిచారు, నిజమే. కానీ ఒక గోల్ఫ్ రౌండ్ కోసం కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

ఇక కమిటీలకు. మెంబర్‌ని సస్పెండ్ చేయాలన్నా తీసేయాలన్నా మీ బైలాస్‌లో ఉన్న దారిలోనే నడవాలి. టి.పి. దావర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సారం ఇదే: సంఘం తన నియమాల ప్రకారం, సహజ న్యాయం పాటించి, నిజాయితీగా నిర్ణయిస్తే కోర్టు దాని మీద అప్పీలు విన్నట్టు కూర్చోదు. షోకాజ్ నోటీసు, జవాబుకు గడువు, ఎదుటి మనిషి మాట వినడం, కారణాలతో నిర్ణయం. ఫిర్యాదు చేసినవాడే విచారణలో కూర్చోకూడదు. కోపంలో ఒక్క సాయంత్రం మీటింగ్ పెట్టి తీసేస్తే, అసలు తప్పు చేసినవాడు స్టే తెచ్చుకుని మరుసటి ఆదివారం మీ పక్కనే టీ ఆఫ్ చేస్తాడు.

గ్రీన్‌కీపర్_కొడుకు (సికింద్రాబాద్)
లాయర్ గారు "సాక్షులు" అన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. దయచేసి కాడీని (ఆటగాడి సంచి మోసే అతన్ని) సాక్షిగా లాగకండి. మా నాన్న కోర్సులో గడ్డి పని చేసేవారు, నేను కాడీల మధ్యే పెరిగాను. బంతిని కాలితో నెట్టేది చాలాసార్లు కాడీనే, నిజం. నాకు తెలిసిన ఒకబ్బాయి చెప్పులు లేకుండా తిరిగేవాడు. బంతిని రెండు కాలి వేళ్ల మధ్య పట్టుకుని నడక ఆపకుండా చెట్టు దాటించేవాడు. సార్ వెనక్కి తిరిగి కూడా చూసేవాడు కాదు. రౌండ్ అయ్యాక టిప్‌లో తేడా తెలిసేది. ఆ పిల్లాడు ఎదురు చెబితే మర్నాడు సార్ ఇంకో కాడీని పిలుస్తాడు, వాడి ఇంట్లో ఆ రోజు కూలి పోతుంది.

రూల్ కూడా స్పష్టంగానే ఉంది: కాడీ చేసిన పనికి ఆటగాడిదే బాధ్యత, పెనాల్టీ ఆటగాడికే. కానీ మా క్లబ్‌లో జరిగిందేంటంటే కాడీని మూడు వారాలు గేటు బయట నిలబెట్టారు, మెంబర్ కప్పు ఇంటికి పట్టుకెళ్లాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. రాయల్ కలకత్తాలో గ్రీన్‌కీపర్ కొడుకు ఎస్ఎస్‌పీ చౌరాసియా 2016, 2017లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఈ ఆటను నిజంగా నిలబెట్టే పిల్లలు ఎక్కడినుంచి వస్తున్నారో కమిటీలు చూడాలి. కాడీలను టోర్నమెంట్ రోజు చీటీల మీద కేటాయించండి, టిప్ కౌంటర్‌లో అందరికీ ఒకటే కట్టించండి. సగం రోగం అక్కడే పోతుంది.

నిదానంగా (రాజమహేంద్రవరం)
అందరినీ ఒకే గాటన కట్టకండి. మా దగ్గర పెద్దవాళ్లు చాలామందికి కొత్త రూల్స్ తెలియవు. బంతి వెతికే సమయం 2019లో 5 నిమిషాల నుంచి 3 నిమిషాలకు తగ్గింది. డ్రాప్ (బంతిని చేతిలోంచి కిందికి వదలడం) మోకాలి ఎత్తు నుంచి వేయాలి. వాళ్లు ఇప్పటికీ భుజం ఎత్తు నుంచి వేస్తారు. అది తెలియనితనం. అక్కడికక్కడే "సార్, రూల్ మారిందండి" అంటే వింటారు. చెప్పాక కూడా చేస్తే అప్పుడు వేరే మాట.

సముద్రంగాలి
నిదానంగా గారూ, ఒప్పుకుంటాను. కానీ జేబులోంచి ఇంకో బంతి పడేయడానికి ఏ సంవత్సరం రూల్‌బుక్కూ తెలియనక్కర్లేదు.

మార్కర్‌ని (బెంగళూరు)
ఎవరూ మార్కర్ గురించి గట్టిగా అనడం లేదు. ఏడో_టీ గారు చెప్పినదాంట్లో నాకు ఎక్కువ కోపం వచ్చింది ఆ నాలుగో మెంబర్ మీద. స్కోరు తప్పని తెలిసీ సంతకం పెట్టిన మార్కర్‌ని కూడా డిస్‌క్వాలిఫై చేయొచ్చు. పెనాల్టీ పడుతుందని తెలిసి వదిలేద్దామని ఇద్దరు ఆటగాళ్లు మాట్లాడుకుంటే ఇద్దరూ అవుట్. ఒప్పుకోని స్కోరు మీద సంతకం పెట్టకుండా కార్డు కమిటీ ముందు పెట్టే హక్కు మార్కర్‌కు ఉంది. మా క్లబ్‌లో ఈ మూడు ముక్కలూ స్కోర్ కార్డ్ వెనక తెలుగులో, కన్నడలో, ఇంగ్లిష్‌లో అచ్చు వేయించారు. "నాకెందుకొచ్చిన గొడవ" అనేవాళ్లకు అది మంచి సాకు అయింది: "ఏమనుకోకండి సార్, తప్పు స్కోరు మీద సంతకం పెడితే నేనూ పోతాను" అని చెప్పగలుగుతున్నారు.

ఏడో_టీ
అందరికీ చాలా థ్యాంక్స్. నల్లకోటు గారు చెప్పినట్టే రాసి నిన్న కెప్టెన్‌కు ఇచ్చాను. నాతో ఆడిన మూడో మెంబర్ కూడా విడిగా రాసిచ్చాడు. కాడీ పేరు ఎక్కడా రానివ్వలేదు. వచ్చే మెడల్ నుంచి చీటీలు వేయడానికి కెప్టెన్ ఒప్పుకున్నారు. స్పాన్సర్ విషయం మాత్రం కమిటీ ముందుకు వెళ్లాలన్నారు. రూల్ 1.2 కింద ప్రవర్తనా నియమావళి పెట్టుకుని, అందులోనే పెనాల్టీలు రాసుకోవచ్చని చదివాను. ఎవరి క్లబ్‌లోనైనా అది ఇప్పటికే ఉంటే, మొదటి తప్పుకి ఏం పెట్టారు, రెండోదానికి ఏం పెట్టారు? కమిటీ మీటింగ్ శనివారం, అంతలోపు పంపితే తీసుకెళ్తాను.

ప్లేనో_వాసి
మాది ఉంది. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, ఆ రౌండ్ రద్దు. రెండోసారి ఆ సీజన్ పోటీలన్నిటికీ దూరం. మూడోసారి మాత్రమే మెంబర్‌షిప్ విషయం బోర్డు ముందుకు వస్తుంది. స్పాన్సర్లు కూడా ఇదే కాగితం మీద సంతకం పెట్టాలి. మెసేజ్‌లో పంపిస్తున్నాను, పేర్లు తీసేసి వాడుకోండి.