బారాణా తెలియని సిస్టర్‌కి స్కిల్ తక్కువన్నట్టా?

కరీంనగర్_పోరడు: మా నాయినకి హైదరాబాద్ల మోకాలి ఆపరేషన్ అయింది, ప్రైవేట్ ఆస్పత్రి. రెండో రోజు పొద్దున కేరళ సిస్టర్ వచ్చి నొప్పి పదికి ఎంత అని అడిగితే మా నాయిన "బారాణా తగ్గింది బిడ్డా" అన్నడు (ఆంధ్రోళ్ల కోసం చెప్తున్న, రూపాయిల ముప్పావలా అన్నట్టు). ఆమెకి హిందీ వచ్చు, బారా అన్నది ఒక్కటే పట్టుకుని నొప్పి పదికి పన్నెండు అనుకుని ఉరికి డ్యూటీ డాక్టర్ని పిల్చుకొచ్చింది. నేను పక్కన లేకపోతే ఇంకో ఇంజక్షన్ పడేదే. సూది మాత్రం ఆమెలెక్క గుచ్చేటోళ్లని నేను చూడలే. నా లెక్కల పేషెంట్ మాట తెల్వకపోతే సగం స్కిల్ లేనట్టే.

నైట్‌డ్యూటీ: అన్నా, నిన్న రాత్రి నాకు 22 బెడ్లు. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆస్పత్రిలో 5గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలి. ఈ హడావుడిలో ఎవరి యాస ఎప్పుడు నేర్చుకోమంటావ్? డోసు తప్పితే ప్రాణం పోద్ది, యాస తప్పితే పోదు.

గుంటూరు_స్టాఫ్: పోదని ఎలా అంటారండీ. రంజాన్ నెలలో మా వార్డులో ఒకాయన మధ్యాహ్నం ట్రే ముట్టలేదు, ఇన్సులిన్ మాత్రం టైముకి పడింది, నాలుగింటికి ఒళ్ళంతా చెమటలు, చూస్తే షుగర్ 48కి పడిపోయింది. డోసు కరెక్టే, టైము కరెక్టే, తిన్నారా అని ఒక్క ముక్క అడగలేదంతే. ఆయనేమో చెప్తే ఉపవాసం మానమంటారని నోరు మెదపలేదు. అలాగని ముస్లిం పేరు కనపడగానే ఉపవాసమే అనేసుకోవడం కూడా తప్పే, అడగాలి. ఇంకోసారి బాలింత పెరుగన్నం వద్దంటే చార్టులో తిండి తినట్లేదని రాసి వదిలేశారు. మా సీనియర్ మేడం వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుని "మీ ఇంట్లో పథ్యం ఏం పెడతారమ్మా" అంది. వెల్లుల్లి కారం, నెయ్యి వేసి పొడన్నం. సరే అదే పెట్టండి, కానీ మంచినీళ్ళు తగ్గించొద్దు, ముర్రుపాలు పిండి పారబోయొద్దు అని ఒప్పించింది. రెండు నిమిషాలు పట్టిందేమో.

కొట్టాయం_టు_కూకట్‌పల్లి: నాది కేరళే, 9 ఏళ్లుగా ఇక్కడ. నాకు తెలుగు నేర్పింది ఆయమ్మలు. మొదట్లో "కడుపులో తిప్పుతోంది" అంటే నిజంగా ఏం తిరుగుతోందా అని పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాను 😄 జర్మనీలో నర్సుగా చెయ్యాలంటే బీ2 లెవెల్ (ధారాళంగా మాట్లాడేంత) జర్మన్ భాష రావాలి, దానికి నెలల తరబడి క్లాసులుంటాయి. ఇక్కడ జాయినైన రోజే వార్డులో వదిలారు. నాకు స్కిల్ తక్కువ అనండి పర్లేదు, నేర్పించని వాళ్ళని కూడా అనండి మరి.

కరీంనగర్_పోరడు: అక్కా, ఆస్పత్రోళ్లే నేర్పాలె, అది ఒప్పుకుంట. కానీ స్కిల్ కాకపోతే జర్మనోడు పరీక్ష ఎందుకు పెడ్తడు?

నైట్‌డ్యూటీ: ముందు స్టాఫ్‌ని పెంచమను, తర్వాత గోండీ కూడా నేర్చుకుంటా. ఇంతకీ ఆ సిస్టర్‌కి చారాణా, ఆఠాణా (పావలా, అర్ధరూపాయి) ఎవరైనా చెప్పారా?

కరీంనగర్_పోరడు: మా నాయినే చెప్పిండు. డిశ్చార్జి అయ్యేటాళ్లకు ఆమెకి ఆఠాణా దాకా వచ్చింది.