బడికి చాకిరీ చేసిన తల్లిదండ్రులకు సన్మానం చెయ్యాలా, వద్దా?

సింగ్‌నగర్ అమ్మ:
విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక మున్సిపల్ బడిలో మా పాప ఐదో తరగతి. మొన్న బడి వార్షికోత్సవానికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు మా ఏరియా ఎలా మునిగిందో అందరికీ తెలుసు. నీళ్ళు తీశాక బడి కింద గదుల్లో ఎక్కడ చూసినా ఒండ్రే. ఒకటే కంపు. ఎవరి ఇళ్ళల్లో వాళ్ళకి బియ్యం, పరుపులు, ఫ్రిజ్‌లు పాడైపోయి ఏం చెయ్యాలో తోచని టైంలో ఓ పదిమంది తల్లులం పారలు, చీపుర్లు పట్టుకెళ్ళి నాలుగు రోజులు ఆ బురద ఎత్తిపోశాం, నానిపోయిన పుస్తకాల్లో పనికొచ్చేవి ఏరి డాబా మీద పేజీ పేజీ విడదీసి ఆరబెట్టాం. మాలో ఒకావిడ నాలుగిళ్ళల్లో పాచిపని చేస్తుంది. తన ఇల్లు ఇంకా కడుక్కోలేదు, అయినా రోజూ అందరికంటే చివర బడి నుంచి కదిలేది ఆవిడే.

వార్షికోత్సవంలో స్టేజీ మీదకి పిలిచి శాలువాలు కప్పింది ఫ్యాన్లు ఇచ్చినవాళ్ళకి, మైక్ సెట్ ఇచ్చినవాళ్ళకి. వాళ్ళు ఇవ్వడం మంచి పనే, నేను కాదనను. కానీ వాళ్ళ పేర్లు ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో ముందే రాసి ఉన్నాయి. ఒండ్రు ఎత్తినవాళ్ళ ఊసు మైకులో ఒక్కసారి కూడా వినపడలేదు. ఆవిడేమో జనం వెనకాల నిలబడి అందరితో పాటు చప్పట్లు కొడుతోంది. ఒళ్ళు వంచి పనిచేసిన తల్లిదండ్రుల్ని కూడా పేరు పెట్టి పిలిచి గౌరవించాలని నేనంటాను. మీరేమంటారు?

బ్రాడీపేట నాన్న:
అమ్మా, మీ బాధ అర్థమైంది, కానీ సన్మానానికి నేను ఒప్పుకోను. గుంటూరులో మా బాబు చదివే ప్రైవేటు స్కూల్లో ఇది చూసే చెప్తున్నాను. పొద్దున గేటు దగ్గర ఆటోలు, బైకులు ఇరుక్కోకుండా ఏడెనిమిది మంది తల్లిదండ్రులం వంతులు వేసుకుని నిలబడేవాళ్ళం, ఎవరూ అడక్కుండానే. ఒక ఏడాది 'ఉత్తమ పేరెంట్' అని మొమెంటో ఇస్తామన్నారు. ఇక అక్కణ్ణుంచి ఎవరు ఎన్ని రోజులు నిలబడ్డారని లెక్కలు, ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడాలు. మొమెంటో వచ్చినవాళ్ళ పిల్లలకే డాన్సులో ముందు వరస అని గొణుక్కున్నారు, నిజమో కాదో గానీ ఆ మాట పిల్లల చెవిన పడింది. మరుసటి ఏడు గేటు దగ్గర ముగ్గురమే మిగిలాం. మన పిల్లల బడి, మన పని. దానికి శాలువా ఎందుకు?

సింగ్‌నగర్ అమ్మ:
డబ్బిచ్చినవాళ్ళకి శాలువా కప్పినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదండీ. కష్టం దగ్గరికి వచ్చేసరికే 'మన పని' అంటున్నాం.

రిటైర్డ్ టీచరమ్మ:
ముప్పై ఏళ్ళు మున్సిపల్ బడుల్లో పనిచేశాను. నేను పనిచేసిన చోట్ల శాలువాల ఖర్చు స్టాఫ్ చందాలోంచే వచ్చేది, పదిమందిని మించి పిలవాలంటే వెనకాడేవాళ్ళం, అది ఒప్పుకోవాలి. కానీ నాకు బాధ కలిగించేది ఇంకొకటి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి. అంటే తల్లులు అప్పుడప్పుడూ వచ్చి సాయం చేసిపోయేవాళ్ళు కాదు, బడి నడపడంలో వాళ్ళకి హక్కు ఉంది. నేను చూసిందేమిటంటే ఎన్నికైన తల్లి ఇంట్లోనే ఉంటుంది, మీటింగులో ఆవిడ భర్త కూర్చుంటాడు, తర్వాత రిజిస్టరు సంతకానికి ఆవిడ దగ్గరికి వెళ్తుంది. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా, మా మనవరాలి బడికి వెళ్ళాను. తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడు లాగే పోటీ, సందడిగా ఉంది, పిల్లలు ఎగిరి గంతులేశారు. అయితే ముగ్గు వేసిన తల్లిని 'బడిలో ఏం మార్చాలమ్మా' అని అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. ఆవిడ మాట మీటింగులో వినండి, శాలువా సంగతి తర్వాత చూద్దాం.

యార్డు బాబాయి:
గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా పని నాది, మా ఆవిడ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఫిబ్రవరి, మార్చిలో యార్డుకి సరుకు విపరీతంగా వస్తుంది, మా పిల్లాడి బడిలో వార్షికోత్సవం కూడా అప్పుడే పెడతారు. పని మానితే ఆ రోజు కూలి లేదు. మీరు వచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదివితే, రాలేనివాళ్ళ పిల్లలు ఏమనుకుంటారో ఆలోచించారా? రాలేకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. నేను ఒక ఆదివారం వెళ్ళి ఎనిమిది బెంచీలకి ఊడిన చెక్కలు బిగించి వచ్చాను. ఎవరికీ తెలియదు, తెలియాలని కూడా లేదు. మా వాడికి మాత్రం చెప్పాను, వాడు కూర్చునే బెంచీ కూడా అందులో ఉంది.

సింగ్‌నగర్ అమ్మ:
బాబాయ్ గారూ, మీ చివరి మాట రెండుసార్లు చదివాను. మీ అబ్బాయికి చెప్పాలని మీకు అనిపించింది కదా, నేనడిగేది కూడా అంతే, ఆ మాట బడి కూడా పిల్లలకి చెప్పాలి. వాళ్ళు కూర్చున్న చోటు ఎవరి చేతుల వల్ల శుభ్రంగా ఉందో వాళ్ళకి తెలియాలి. మైకులో చదివితే రానివాళ్ళ పిల్లలు చిన్నబోతారన్నది నేను ఆలోచించలేదు, అది నా తప్పే. బ్రాడీపేట అన్నయ్య గారు చెప్పిన మొమెంటో గొడవ కూడా నిజమే, 'ఉత్తమ' అన్న మాట వచ్చిందంటే పోటీ మొదలైనట్టే. కాబట్టి స్టేజీ వద్దు. దాతల పేర్లు రాసిన గోడ మీదే, కింద, వరద తర్వాత బడి కడిగినవాళ్ళ పేర్లు రాయిద్దాం. ఒక్క పూట వచ్చినవాళ్ళు, సెలవు రోజు వచ్చినవాళ్ళు, అందరివీ ఒకే సైజు అక్షరాల్లో.

బ్రాడీపేట నాన్న:
ఎక్కువ తక్కువలు లేకుండా రాస్తే నా అభ్యంతరం సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. రేపు గోడ ఎక్కడం కోసమే వచ్చేవాళ్ళు తయారవుతారని భయం.

యార్డు బాబాయి:
గోడ కోసం వచ్చినా పారతో నాలుగు తట్టలు ఎత్తితే రానివ్వండి అన్నయ్యా. బురదకి ఆ తేడా తెలియదు.

రిటైర్డ్ టీచరమ్మ:
పేరు రాసేముందు, రోజూ అందరికంటే చివర కదిలేదన్నారే, ఆవిణ్ణి అడిగారా అమ్మా? కొందరికి పేరు కనపడితే బిడియం.

సింగ్‌నగర్ అమ్మ:
నిజంగా అడగలేదు టీచర్ గారూ, మీరు అన్నాకే సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గోడ మీద పేరు రాయిస్తామంటే నవ్వి, 'రాస్తే మా అమ్మాయి చదువుతుందిలే' అంది. కాసేపాగి, 'అక్కా, అది కాదుగానీ, పుస్తకాల బీరువా ఇంకా కింద గదిలోనే ఉంది, మళ్ళీ వానలొచ్చేలోపు పై అంతస్తుకి ఎక్కించమని చెప్పవా' అని అడిగింది. ఏడాదిగా ఆ బీరువా పక్కనుంచే అందరం నడుస్తున్నాం, కమిటీలో ఒక్కరికీ తట్టలేదు. వచ్చే శనివారం కమిటీ మీటింగ్ ఉంది. ఆవిడ పని చేసే ఇళ్ళల్లో ఆ పూటకి నేను మాట్లాడి ఒప్పించాను, తనే వచ్చి చెప్తుంది.