చార్మినార్ దగ్గర జియోఫెన్స్ ఆలస్యంగా పనిచేస్తోంది

ప్రశ్న: పాతబస్తీలో ఆడే నిధివేట గేమ్. చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజార్ చుట్టూ 30 మీటర్ల వ్యాసార్థంతో జియోఫెన్సులు (ఆటగాడు లోపలికి రాగానే ఫోన్ యాప్‌కు తెలిపే ఊహా వలయాలు), మొత్తం 45. ఆండ్రాయిడ్‌లో ఆటగాడు చోటు దాటిపోయాక నోటిఫికేషన్ వస్తోంది. ఐఫోన్‌లో కొన్ని అసలు రావట్లేదు. ఎందుకండీ?

జవాబు 1: కొంప ముంచింది ఆ 30 మీటర్లే. గూగుల్ సూచించే కనీస వ్యాసార్థం 100. లాడ్ బజార్ లాంటి ఇరుకు సందుల్లో సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది, మ్యాప్‌లో చుక్క పక్క గల్లీలో తేలుతుంది. పైగా ఆండ్రాయిడ్ 8 నుంచి యాప్ తెరిచి లేకపోతే అలర్ట్‌కు సగటున 2-3 నిమిషాలు. ఈలోగా మనిషి గుల్జార్ హౌజ్ చేరిపోతాడు! ఫోన్ రీస్టార్టయితే ఫెన్సులు పోతాయి, మళ్లీ రిజిస్టర్ చేయాలి.

జవాబు 2: ఐఓఎస్‌లో (ఐఫోన్‌లో) ఒక యాప్‌కు 20 ఫెన్సులే, మీవి 45. దగ్గరున్న 19 పెట్టి, 20వది ఆటగాడి చుట్టూ పెద్ద వలయంగా ఉంచండి. అది దాటగానే జాబితా మార్చండి.

ప్రశ్న అడిగినవారు: 100 పెడితే చార్మినార్, మక్కా మసీదు వలయాలు కలిసిపోవా?

జవాబు 1: కలవనివ్వండి. ఫెన్స్ పని ఆటగాణ్ని పిలవడం వరకే. యాప్ తెరిచాక 2 సెకన్లకోసారి లొకేషన్ తీసుకుని, యాక్యురసీ (లొకేషన్‌లో ఉండగల తేడా) 20 మీటర్లలోపు ఉంటేనే పాయింట్లివ్వండి.