'మెసేజ్ బ్రోకర్'ను 'సందేశ దళారి' అనవచ్చునా?

పరికరాలు పంపే సందేశాలను మధ్యలో అందుకుని, కావలసిన ఇతర పరికరాలకు చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను ఇంగ్లీషులో 'మెసేజ్ బ్రోకర్' అంటారు. దీనికి 'సందేశ దళారి' సరిపోతుందా అని మిత్రులు ఒకరు అడిగారు. సరిపోదనే నా అభిప్రాయం. దళారి సరుకు చూస్తాడు, బేరం కుదురుస్తాడు, కమీషన్ తీసుకుంటాడు. పోనీ 'మధ్యవర్తి' అందామంటే, అతడు ఇరుపక్షాల మాటా విని తగవు తీరుస్తాడు. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు చమురు పైపులైన్ల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా పొదుపుగా పంపడానికి రూపొందించిన ఎం.క్యూ.టి.టి. పద్ధతిలో బ్రోకర్ ఈ రెండు పనులూ చేయదు. సందేశం మీదున్న టాపిక్ పేరు, అంటే అది ఏ విషయానికి చెందినదో తెలిపే పేరు చూసి, ఆ టాపిక్‌కు చందాదారులైన పరికరాలన్నింటికీ పంచుతుందే తప్ప, లోపల ఏమి రాసి ఉందో పట్టించుకోదు. ఉత్తరాలకూ జీతాలకూ మనం వాడుకుంటూ వచ్చిన 'బట్వాడా'లో సరిగ్గా ఈ అర్థమే ఉంది కనుక, 'బట్వాడాదారు' అనడం మేలు.

ఇంట్లో పరికరం మొరాయించినప్పుడు మాట ఎంపిక ఎంత ముఖ్యమో నాకు బాగా తెలిసివచ్చింది. బట్వాడాదారుగా వాడుకునే మోస్కిటో సాఫ్ట్‌వేర్‌ను నేను కొత్త వెర్షన్‌కు మార్చిన రోజు నుంచి, మా నీళ్ల ట్యాంకు మోటారుకు పెట్టిన వైఫై స్విచ్ పనిచేయడం మానేసింది. దాని లాగ్‌లో, అంటే జరిగినవన్నీ అది రాసుకునే చిట్టాలో, కాసేపటికొకసారి 'మైనస్ 2' అనే సంఖ్య కనిపించేది. దాన్ని 'కనెక్షన్ తిరస్కరించబడింది' అని మనసులో అనువదించుకుని, ఒక సాయంత్రమంతా పాస్‌వర్డ్ మార్చి మార్చి చూశాను. నిజానికి ఆ పాస్‌వర్డ్ బట్వాడాదారు దాకా వెళ్లనే లేదు. మోస్కిటో 2.0 నుంచి, సెట్టింగుల ఫైలులో 'లిజనర్' అని ప్రత్యేకంగా రాయకపోతే, అది తాను నడుస్తున్న కంప్యూటర్‌లోంచి వచ్చే కనెక్షన్లను మాత్రమే స్వీకరిస్తుంది. 'లిజనర్ 1883' అని ఒక్క వరుస చేర్చగానే (1883 అనేది కనెక్షన్లు వచ్చే పోర్టు సంఖ్య) లాగ్‌లో 'మైనస్ 2' పోయి '5' వచ్చింది. అంటే స్విచ్ గడప దాకా వచ్చింది, లోపలికి అనుమతి మాత్రం లేదు. లిజనర్ రాసినా, పేరు చెప్పని పరికరాలను ఈ వెర్షన్ తనంతట తాను రానివ్వదు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ నమోదు చేశాక మోటారు ఆన్ అయింది.

కాబట్టి 'మైనస్ 2'కు 'చేరలేదు' అనీ, '5'కు 'అనుమతి లేదు' అనీ విడివిడిగా రాయాలని కోరుతున్నాను. రెండింటికీ 'తిరస్కరణ' అంటే చదివేవారు నాలాగే తప్పు చోట వెదుకుతారు.

ఇక ఎం.క్యూ.టి.టి.లోని 'లాస్ట్ విల్'కు కొత్త మాట అక్కరలేదు. తాను చెప్పకుండా తెగిపోతే అందరికీ పంచమని పరికరం ముందే అప్పగించి ఉంచే సందేశానికి, ఇంగ్లీషు 'విల్'కు 'నామా' చేర్చి మనవాళ్లు ఎప్పుడో చేసుకున్న 'వీలునామా' చక్కగా అమరుతుంది. టాపిక్‌లోని చివరి సందేశాన్ని దాచి ఉంచి కొత్త చందాదారుకు వెంటనే అందించే 'రిటెయిన్డ్ మెసేజ్'కు మాత్రం 'నిలవ సందేశం' అని ప్రస్తుతానికి వాడుతున్నాను. ఇంతకంటే తగిన మాట ఉంటే సభ్యులు దయచేసి తెలుపగలరు.