ప్లాస్టిక్ సర్జరీకి తెలుగులో ఆ పేరు ఉంచాలా, తీసేయాలా?

సీమ పిల్ల:
పోయిన నెల మా చిన్నమ్మ కూతురి చేతి మీద బాణలిలో కాగుతున్న నూనె ఒలికింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. కొన్ని రోజులు కట్లు కట్టాక డాక్టర్ "ప్లాస్టిక్ సర్జన్‌కి రాస్తున్నా" అన్నారు. అంతే, వాళ్ళత్త అడ్డం తిరిగింది. "ఒంట్లో ప్లాస్టిక్ పెట్టించుకుని పొయ్యి దగ్గర నిలబడితే కరిగిపోదూ?" అని. నాలుగు రోజులు ఆ టెన్షన్‌లోనే గడిచాయి, ఈలోగా పుండు చీము పట్టింది. ఆవిడ అడిగింది నాకు న్యాయంగానే అనిపించింది. ఇంటినిండా ప్లాస్టిక్ బకెట్లు, కుర్చీలు ఉన్న మనిషికి ఆ మాట ఇంకెలా వినపడుతుంది? తెలుగులో ఈ పేరు తీసేయాలంటాను.

ఇంగ్లీషు టీచర్, రాజమండ్రి:
ఆ నాలుగు రోజుల సంగతి చదివి బాధేసిందమ్మా. కానీ పేరు తీసేయడానికి ఒప్పుకోలేను. ఆ పేరు ముందు నుంచీ ఉంది, బకెట్టు తర్వాత వచ్చి దాన్ని తీసుకుంది. గ్రీకులో 'ప్లాస్సైన్' అంటే మట్టినో మైనాన్నో పిసికి రూపం ఇవ్వడం. మనం గోడకు చేయించే ప్లాస్టరింగ్ కూడా ఆ ఇంటి మాటే. ఇంగ్లీషులో పాత అర్థం 'రూపమిచ్చేది' అని. కేంబ్రిడ్జ్ తత్వవేత్త రాల్ఫ్ కడ్‌వర్త్ 1678లో 'ప్లాస్టిక్ నేచర్' గురించి రాశాడు. విత్తనం చెట్టు కావాలన్నా, పిండం బిడ్డ కావాలన్నా దేవుడు ప్రతిసారీ స్వయంగా చెయ్యి పెట్టడు, ఆయన కింద పనిచేసే ఒక శక్తి లోపలి నుంచే ఆకారం తెస్తుంది అని ఆయన వాదన. ఇంగ్లీషు కవి కోల్రిడ్జ్ 1795లో గాలికి దానంతటదే మోగే వీణ మీద కవిత రాస్తూ, సృష్టి అంతటి మీదుగా వీచే చైతన్యాన్ని 'ప్లాస్టిక్' అన్నాడు. ఎంత పెద్ద స్థానంలో కూర్చున్న మాటో చూడండి. జర్మనీలో గ్రేఫే అనే సర్జన్ 1818లో ముక్కు ఆపరేషన్ మీద పుస్తకం వేసి దానికి 'రైనోప్లాస్టిక్' అని పేరు పెట్టాడు. 1838లో జైస్ అనే ఇంకో జర్మన్ సర్జన్ 'ప్లాస్టిక్ సర్జరీ' అనే పేరుతోనే పుస్తకం వేశాడు. పూర్తిగా కృత్రిమంగా తయారైన మొదటి ప్లాస్టిక్ బేకలైట్‌ను బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త చేసింది 1907లో. 69 ఏళ్ళ తేడా! ఇంత బతుకు బతికిన మాటను బకెట్టుకు రాసిచ్చేద్దామా?

అనువాదకుడు:
చరిత్ర ఒప్పుకుంటాను మాస్టారూ. కాకపోతే ఆ మాట అప్పట్లో రెండు వైపులా తిరిగేది. రూపమిచ్చే చెయ్యీ ప్లాస్టికే, రూపం తీసుకునే మట్టీ ప్లాస్టికే. కడ్‌వర్త్, కోల్రిడ్జ్ చెప్పింది చెయ్యి గురించి. కాలం గడిచేకొద్దీ మట్టి నిలిచింది, చెయ్యి మరుగున పడింది. ఇవాళ కోల్రిడ్జ్ ఆ పంక్తికి ఇంగ్లీషు విద్యార్థికే ఫుట్‌నోట్ కావాలి. ఇక మన ఊళ్ళకు ఆ మాట బిందెలతో పాటే వచ్చింది. ఇక్కడికి ఎప్పుడూ రాని అర్థం ఆ అత్తగారికి తెలియాలంటే ఎలా? నేనైతే అనువాదంలో 'మలిచే శక్తి' అని రాస్తాను. 'ప్లాస్టిక్ శక్తి' అంటే చదివేవాళ్ళ కళ్ళ ముందు క్యారీ బ్యాగే మెదులుతుంది.

సివిల్ ఇంజనీర్:
మీరన్న మట్టి అర్థం మా సైట్‌లో రోజూ వాడకంలో ఉందండీ. ఇనుప కడ్డీని కొంచెం వంచి వదిలితే వెనక్కి వస్తుంది, అది స్థితిస్థాపకత. ఇంకాస్త బలం పెడితే వంగినచోటే ఆగిపోతుంది. ఆ దశను ప్లాస్టిక్ అంటాం. స్తంభాలకు రింగులు వంచే పనంతా దాని మీదే నడుస్తుంది. భూకంపంలో భవనం ఠక్కున విరగకుండా సాగి, జనం బయటపడేందుకు సమయం ఇచ్చేదీ ఆ గుణమే. ఇనుము ప్లాస్టిక్ ఏమిటని కొత్త కుర్రాళ్ళు అడుగుతారు. ఒక్కసారి వంచి చూపిస్తే మళ్ళీ అడగరు. పేరు ఉంచండి, చూపించి చెప్పండి.

వార్డు సిస్టర్:
కాలిన గాయాల వార్డులో పనిచేస్తాను. ఆ అత్తగారు అడిగిన ప్రశ్న మాకు కొత్త కాదు. నేను ఆపరేషన్ పేరు ఆఖర్న చెబుతాను. ముందు నా తొడ మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ ఉల్లిపొరలా పలచగా తీసి అక్కడ వేస్తారమ్మా, మీ చర్మమే, తీసినచోట రెండు వారాల్లో మళ్ళీ పడుతుంది" అంటాను. భయం అక్కడే సగం పోతుంది.

ఇంకో సంగతి. 1794 అక్టోబర్‌లో లండన్ 'జెంటిల్‌మన్స్ మ్యాగజీన్'లో మన దేశపు కబురు ఒకటి అచ్చయింది. కవాస్‌జీ అని ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లు తోలే మరాఠా మనిషి టిప్పు సుల్తాన్‌కు ఖైదీగా చిక్కి ముక్కూ, ఒక చెయ్యీ పోగొట్టుకున్నాడు. పూనా దగ్గర ఒకతను అతనికి కొత్త ముక్కు పెట్టాడు. పలచటి మైనం రేకును ముక్కు ఆకారంలో ఒత్తి, మళ్ళీ చదును చేసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసి, ఆ కొలతకు చర్మం కోసి కిందికి తిప్పి అతికించే పద్ధతి. అది చేసినతను ఇటుకలు చేసే కులంవాడు. ఈ పద్ధతినే 1814లో లండన్‌లో కార్ప్యూ అనే సర్జన్ చేశాడు. పూనా మనిషికి ఏ ఇంగ్లీషు పేరూ అవసరం పడలేదు కదా?

ఇంగ్లీషు టీచర్, రాజమండ్రి:
మీరు చెప్పింది రెండుసార్లు చదివాను సిస్టర్. మట్టి పిసికే ఇంట్లో పుట్టినవాడు మైనం ఒత్తి ముక్కు చేశాడు! అచ్చంగా గ్రీకు మాటకు ఆ వేళ్ళే అర్థం. నాకైతే పేరు నిలపడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బోర్డు మీద అదే ఉంటుంది, ఫోన్‌లో వెతికినా అదే దొరుకుతుంది. కింద తెలుగులో ఒక్క వాక్యం ఉండాలన్నది మాత్రం ఒప్పుకుంటాను.

సీమ పిల్ల:
నిన్న ఆపరేషన్ అయింది. సిస్టర్ చెప్పినట్టే తొడ మీద చెయ్యి పెట్టి చూపించాను. "ఎవరి చర్మం?" అంది అత్త. "తనదే" అన్నాను. ఇంకేం అడగలేదు. పేరు విషయంలో నా మాట అయితే మారలేదు మాస్టారూ. ఫైలు అట్ట మీద 'ప్లాస్టిక్ సర్జరీ' అని ఉన్నచోట కింద 'తన చర్మమే' అని పెన్నుతో రాసిపెట్టాను. వచ్చే వారం కట్టు మార్పించడానికి ఆ ఫైలు పట్టుకుని వెళ్ళేది ఆవిడే.